ఓడిన జట్టులో మొదటి ర్యాంకు

తిరుపతిలో సందుకొక ఇంటర్నెట్ సెంటర్ మొలిచిన రోజుల్లో, మా వీధి చివర ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్ కూడా ఒక వేసవి సెలవుల్లో సెంటర్‌గా మారిపోయింది. మారింది బోర్డూ, బల్లల మీది సామానూ మాత్రమే. సారు మారలేదు. పది టైపు మిషన్లు ఉన్న చోట పది కంప్యూటర్లు వచ్చాయి. అవే బల్లలు, అవే చెక్క కుర్చీలు, అదే ఒక్క ఫ్యాను. ఆ ఫ్యాను గది మధ్యలో కాకుండా సరిగ్గా మూడో నంబరు బల్ల నెత్తిన తిరిగేది. ఎందుకలా అని అడిగితే, కప్పుకు కొక్కెం అక్కడే ఉందని సారు చెప్పేవారు.

టైపు నేర్పిన కాలంలోనే సారు ఒక పద్ధతి పెట్టారు. ఆ పూట ఎవరు అందరికంటే వేగంగా కొడితే వాళ్ళు మర్నాడు మూడో నంబరు మిషన్ దగ్గర, ఫ్యాను కింద కూర్చోవాలి. తిరుపతి ఎండలు తెలిసినవాళ్ళకు ఆ పద్ధతి గొప్పతనం వేరే చెప్పనక్కర్లేదు. పగలంతా కాగిన కొండ, ఆ వేడినంతా మళ్ళీ ఊరి మీదికే వదులుతుంది. ఆ గాలి కోసం పిల్లలు వేళ్ళు వాచేలా కొట్టి, టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసై, గుమాస్తా ఉద్యోగాల్లో చేరారు. అంత బాగా పనిచేసిన పద్ధతిని కంప్యూటర్లు వచ్చాయని ఎవరైనా వదులుకుంటారా? సారు వదులుకోలేదు. టైపు కొట్టడం ఒక్కడి పని, మేము ఆడే తుపాకీ ఆట ఐదుగురి పని అన్న తేడా ఆయనకు తట్టలేదు. మాకు తట్టింది గానీ, ఫ్యాను ముందు ఆ తేడా నిలవలేదు.

ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఐదుగురు దొంగలు, ఐదుగురు పోలీసులు. పది కంప్యూటర్లనూ వైర్లతో కలిపి ఉంచేవారు కాబట్టి ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చొని ఒకరినొకరు కాల్చుకోవచ్చు. దొంగల దగ్గర ఒక బాంబు ఉంటుంది. దాన్ని మోసుకెళ్ళి చెప్పిన చోట పెట్టి, అది పేలేదాకా కాపలా కాస్తే దొంగలు గెలిచినట్టు. ఆ లోపల పోలీసులు వచ్చి దాన్ని ఆర్పేస్తే వాళ్ళు గెలిచినట్టు. అవతలివాళ్ళందరినీ చంపినా ఆ రౌండు గెలిచినట్టే; చచ్చినవాళ్ళు తర్వాతి రౌండులో మళ్ళీ లేస్తారు, దొంగలూ పోలీసులూ మధ్యలో తారుమారవుతారు. పెట్టేవాడైనా ఆర్పేవాడైనా ఆ కాసేపు కదలకుండా కూర్చోవాలి. చేతిలో తుపాకీ ఉన్నా పేల్చడానికి వీల్లేదు. ఆట అంతా ఆ బాంబు గురించే. కానీ కీబోర్డుకు ఎడమ పక్కన ట్యాబ్ అనే మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కితే తెర మీదికి ఒక జాబితా వస్తుంది. ఎవరు ఎంతమందిని చంపారో, ఎన్నిసార్లు చచ్చారో అందులో ఉంటుంది. ఎక్కువమందిని చంపినవాడి పేరు పైన, చంపలేనివాడి పేరు అడుగున. బాంబు ఎవరు మోశారన్నది మాత్రం ఆ జాబితాలో ఎక్కడా ఉండదు.

అది చూసిన రోజు సారు ముఖం విప్పారింది. వేగం కొలిచే గడియారం ఆయనకు మళ్ళీ దొరికింది.

"ఇంగ తగాదాల్లేవు. పైన ఎవురి పేరుంటే వాడు ఫ్యాను కింద కూసోవాల" అన్నారు.

ఆ ఏడాది ఎక్కువ రోజులు ఫ్యాను కింద కూర్చున్నది నేను. గొప్ప కోసం చెప్పడం లేదు. అబద్ధం, గొప్ప కోసమే చెప్తున్నాను. డిగ్రీలో నాకు చెప్పుకోదగ్గ మార్కులు ఎప్పుడూ రాలేదు. క్రికెట్‌లో నన్ను బౌండరీ అవతల నిలబెట్టేవారు. ఒక జాబితాలో నా పేరు పైన ఉండటం నా జన్మకు అదే మొదటిసారి. దాని రుచి మరిగాక మనిషి మనిషిలా ఉండడు.

మిగతావాళ్ళూ తక్కువ తినలేదు. ప్రతి రౌండులో ఆటే ఎవడో ఒకడి వీపుకు బాంబు తగిలిస్తుంది. వాడు వెంటనే దాన్ని వేడి బొండాలాగా కింద పడేసి తుపాకీతో పరిగెత్తేవాడు. మోసేవాడికి చంపే అవకాశం తక్కువ కదా. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అన్న సామెతను మేము రోజూ పదిహేను రౌండ్లు ఆడి చూపించేవాళ్ళం. కొన్నిసార్లు బయలుదేరిన చోటే బాంబు అనాథగా పడి ఉండగానే టైము అయిపోయేది. ఓడిపోయామన్న బాధ ఎవరికీ ఉండేది కాదు. తగాదా అంతా లెక్కల దగ్గరే.

"వాడిని సగం సంపింది నేను. మిగతా సగం సంపి మొత్తం నీ పేరున ఏసుకుంటివి" అని ఒకడు ఏడ్చేవాడు.

ఆ బాంబును ఎత్తుకునేవాడు ఒక్కడే ఉండేవాడు. డిగ్రీలో నా పక్కన కూర్చునేవాడు. రోజూ పాకాల నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేవాడు కాబట్టి అందరం వాడిని పాకాల అనే పిలిచేవాళ్ళం. పొడుగు మనిషి, మాట మెల్లన. తిరుపతిలో వాడికి గది లేదు, చుట్టాలు లేరు. రైలు దిగితే కాలేజీ, కాలేజీ అయితే సెంటర్, సెంటర్ అయితే మళ్ళీ రైలు. ఈ ఊళ్ళో వాడి కోసం ఎవరైనా ఎదురుచూసే చోటంటూ ఉంటే, అది మా జట్టులో ఐదో కుర్చీ. ఐదుగురు కానిదే ఆట మొదలవదు. ఒకసారి వాడే నాతో ఆ మాట అన్నాడు.

"మా ఇంట్లో కూడా నేనొచ్చేదాకా అన్నం ఆపరప్పా. ఈడ నాకోసం ఆట ఆపుతారు."

నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వులాటకు అన్న మాట కాదు. నాకు ఆ రోజే అర్థమైంది. అర్థమై కూడా తర్వాత ఆ పని చేశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ప్రతి రౌండులో కింద పడి ఉన్న బాంబును పాకాల తీసుకొని, "నేను పోతాండా. మీరు రవంత యెనకాలే రండి" అనేవాడు. ఎవరూ వెనకాల వెళ్ళేవాళ్ళం కాదు. వాడు ఒక్కడే పోయేవాడు, ఒక్కడే చచ్చేవాడు. చచ్చాక మమ్మల్ని ఒక్క మాట అనేవాడు కాదు. నేనేమో దూరంగా ఒక మూల, దూరాన్ని దగ్గర చేసే అద్దం బిగించిన తుపాకీ పట్టుకొని కూర్చునేవాణ్ణి. చూసేది వాణ్ణి కాదు, వాణ్ణి కాల్చడానికి ఎవడు బయటికి వస్తాడా అని. వచ్చినవాడు నా లెక్కలోకి. చేపలు పట్టేవాడికి ఎర మీద ఎంత ప్రేమ ఉంటుందో నాకు పాకాల మీద అంత ప్రేమ ఉండేది. ఆట అయ్యాక ట్యాబ్ నొక్కితే పైన నేను ముప్ఫైకి దగ్గరగా, అడుగున వాడు రెండో మూడో.

ఒక రోజు పొద్దున పదకొండు గంటలకు, నేను కాలేజీలో ఉండవలసిన వేళకు, నాయన సెంటర్‌లోకి వచ్చాడు. బస్సు డిపోలో పని ఆయనకు. దారిన పోయేవాడెవడో నన్ను ఇక్కడ చూసి చేరవేసినట్టున్నాడు. చెప్పులు వాకిట్లో విడవకుండా నేరుగా లోపలికి వచ్చాడంటేనే సంగతి అర్థమైంది. నా వేలు అప్పుడు ట్యాబ్ మీద ఉంది. తెర నిండా జాబితా.

"ఏంది ఇది?" అన్నాడు.

"పరీక్ష నాయనా. ఇప్పుడు కంప్యూటర్లోనే పెడతాండారు" అన్నాను.

నాయన కళ్ళజోడు సర్దుకొని పైనుంచి కిందికి చదివాడు.

"ఈ పైన ఉండేది ఎవురు?"

"నేనే."

ఆ రోజుల్లో ఊళ్ళో ఏ గోడ చూసినా ఎంట్రన్సు ర్యాంకర్ల బొమ్మలే. మొదటి ర్యాంకు వాడి తల గుమ్మడికాయంత, పదో ర్యాంకు వాడి తల నిమ్మకాయంత. జాబితా అంటూ ఉండి, అందులో కొడుకు పైన ఉంటే, అది ఏం జాబితా అని అడిగే తండ్రి మా జిల్లాలో అప్పటికి పుట్టలేదు. నాయన ముఖంలో కోపం దిగిపోయింది. వెనక్కి తిరిగి చెప్పులు వాకిట్లో విడిచి మళ్ళీ లోపలికి వచ్చాడు.

"అడుగున ఉండే పిల్లోడు?"

నేను గడ్డంతో పాకాలను చూపించాను. వాడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నాయన వాణ్ణి జాలిగా చూసి, పోతూ పోతూ నన్ను వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఆ పిల్లోడితో జాస్తి తిరగబాక. మంచోడి మాదిరే ఉండాడు గానీ, ఆ నంబర్లు సూస్తే బాగుపడే లక్షణం లేదు."

వారం రోజులు దాని మీదే నవ్వుకున్నాం. ఆ మాట పాకాలకు చెప్పింది కూడా నేనే, పెద్ద తమాషా చెప్తున్నట్టు. "నిజమే కదప్పా, నాకు సంపను రాదు" అని వాడూ నవ్వాడు.

ఇలా ఉండగా చిత్తూరు నుంచి సారుకు కబురు వచ్చింది. ఒకప్పుడు సారు దగ్గర టైపు నేర్చుకున్న మనిషి అక్కడ సెంటర్ పెట్టాడట. గురువుగారి పిల్లలతో తన పిల్లల్ని ఆడించి చూసుకోవాలని కోరిక. ఒక ఆదివారం ఐదుగురు బస్సు దిగి వచ్చారు. వచ్చినవాళ్ళు మంచినీళ్ళు అడిగారు, బాత్‌రూము ఎక్కడని అడిగారు, మీలో ఎవరు ఫస్టు అని మాత్రం అడగలేదు. అక్కడే మాకు వాళ్ళ మీద చిన్నచూపు కలిగింది.

ఆట మొదలైంది. మేము పరీక్ష హాల్లో జవాబులు దాచుకునేవాళ్ళలా నోరు మూసుకొని ఎవరి మానాన వాళ్ళం ఆడుతున్నాం. వాళ్ళు మాత్రం నోరు మూయలేదు. వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు అందించుకున్నట్టు మాటలు అందించుకుంటున్నారు.

"ఇద్దరు ఈడ ఉండారు."

"నువ్వు అట్ల సూడప్పా, నేను ఇట్ల సూస్తా."

"నాకు రక్తం తక్కువుండాది, నేను ముందర పోయి సస్తా. నువ్వు యెనక రా."

మాలో ఒకడు ఓర్చుకోలేక చెయ్యెత్తి, "సార్, వాళ్ళు మాట్లాడుకుంటాండారు" అని ఫిర్యాదు చేశాడు. సారు ఎన్నో ఏళ్ళు టైపు పరీక్షలకు ఇన్విజిలేటరుగా తిరిగిన మనిషి. అలవాటు కొద్దీ లేచి, చేతులు వెనక్కి కట్టుకొని వాళ్ళ వెనకాల నిలబడ్డారు.

"మాట్లాడకూడదు నాయనా. ఎవురిది వాళ్ళు సూసుకోవాల" అన్నారు.

చిత్తూరు కెప్టెన్ తల తిప్పి వినయంగా, "ఒగటే జట్టు కద సార్" అన్నాడు.

సారు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, తన కుర్చీలోకి పోయి కూర్చున్నారు. ఆ మాట ఆయనలో ఏదో చోట గుచ్చుకుంది. మాకు అదీ గుచ్చుకోలేదు.

పదిహేను రౌండ్లలో మేము గెలిచింది మూడు. ఆ మూడూ పాకాల ఎలాగోలా బాంబు పెట్టగలిగినవే. కానీ ట్యాబ్ నొక్కితే పదిమందిలోనూ పైన ఉన్నది నేను. చిత్తూరు కెప్టెన్‌ను పిలిచి మరీ తెర చూపించాను.

"అవునప్పా, నువ్వే ఫస్టు. గెలిచింది మేము" అన్నాడు. ఎగతాళి లేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పాడు. తర్వాత పాకాల వైపు చూస్తూ, "ఆ పొడుగు పిల్లోడు ఎవురు? మొత్తం ఆటంతా ఒక్కడే మోస్తాండాడు. వాడి యెనక మీరెవురూ పోరా?" అని అడిగాడు.

"వాడు అంతేలే" అన్నాను.

శిష్యుడి ముందు తల దించుకోవలసి వచ్చిన సారు, సోమవారం పొద్దున్నే సంస్కరణలు మొదలుపెట్టారు. మేము వచ్చేసరికి స్క్రూడ్రైవరుతో పది కీబోర్డుల్లోనూ ట్యాబ్ మీటలు పీకేసి ఒక డబ్బాలో పోసి ఉన్నారు. జాబితా కనపడకపోతే మాకు జట్టు కనపడుతుందని ఆయన లెక్క. లెక్క తప్పింది. జాబితా లేని మొదటి రోజే ఎవరి చంపుడు వాళ్ళు నోటితో లెక్కపెట్టడం మొదలైంది. "ఒగటి", "రెండు" అని గదంతా ఎక్కాల బడిలా మోగింది. సాయంత్రం ఐదుగురి లెక్కలూ కూడితే అవతలి జట్టువాళ్ళు చచ్చినదానికి రెట్టింపు వచ్చింది. అంతలో ఉద్యోగాల దరఖాస్తులు నింపడానికి వచ్చిన వాళ్ళు, ఒక గడి నుంచి ఇంకో గడికి పోవడానికి మీట లేదని సారు మీద పడ్డారు. టైపు నేర్పిన మనిషి చేతుల మీదుగా ట్యాబ్ మీట లేకుండా పోవడం ఆయన జీవితంలో చిన్న అవమానం కాదు. మూడో రోజు డబ్బా తెరిచి మీటలన్నీ మళ్ళీ బిగించారు.

తర్వాతి సంస్కరణ ఫ్యాను మీద. ఇక గెలిచిన జట్టంతా ఫ్యాను కింద కూర్చోవాలన్నారు. ఒక ఫ్యాను కిందికి ఐదుగురు కుర్చీలు జరిపితే కీబోర్డుల వైర్లు చాలలేదు. ఒకడు బలంగా లాగితే మూడు కంప్యూటర్లు ఒకేసారి ఆరిపోయాయి. కుక్కలు చింపిన విస్తరిలా ఉన్న గదిని చూసి సారు ఆ రూలు కూడా ఎత్తేశారు. చివరికి నన్ను పిలిచారు.

"వచ్చే నెల మనం చిత్తూరు పోవాల. ఆడ పరువు పోగూడదు. ఎవురెవురు కలిస్తే గెలుస్తామో నువ్వే ఆలోచించి ఐదుగురి పేర్లు రాయప్పా" అన్నారు. 'కలిస్తే' అన్న మాటను ఆయన నొక్కి పలికారు.

నేను ఆలోచించాను. ఎలా ఆలోచించానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నా ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో అందరి నంబర్లూ రోజువారీగా రాసి పెట్టుకునేవాణ్ణి. రికార్డులో ముందు వైపు ప్రయోగాలన్నీ ఖాళీ, వెనక వైపు ఒక్క రోజూ తప్పలేదు. ఆ పేజీలు చూస్తే పాకాల అందరికంటే అడుగున ఉన్నాడు. వాడి తర్వాత పేరు లేదు. వీధిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు గురి తప్పకుండా కాల్చేవాడు. పాకాల పేరు కొట్టేసి వాడి పేరు రాశాను. గురి చూసి కొట్టేవాళ్ళు ఐదుగురు ఉంటే ఒక్కడు ఉన్నదానికంటే ఐదింతలు మేలన్నది నా గణితం.

ఆ మాట పాకాలకు ముఖాన చెప్పే ధైర్యం నాకు లేదు. కాగితం మీద ఐదు పేర్లు రాసి తలుపు పక్కన అంటించాను. మధ్యాహ్నం వాడు వచ్చి, కాగితం ముందు నిలబడి, కింది నుంచి పైకి చదివాడు. అడుగునే వెతుక్కోవడం వాడికి అలవాటు. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాడు. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. వాడు నా కుర్చీ దగ్గరికి వచ్చి ఒకటే అడిగాడు.

"మరి బాంబు ఎవురు మోస్తారప్పా?"

"ఎవురో ఒగరు మోస్తారులే" అన్నాను.

వాడు తల ఊపి, సంచి భుజానికి తగిలించుకొని వెళ్ళిపోయాడు. రైలుకు ఇంకా మూడు గంటల టైముంది. ఆ మూడు గంటలు వాడు ఎక్కడ కూర్చున్నాడో నేను అడగలేదు.

మర్నాటి నుంచి సెంటర్‌కు రావడం మానేశాడు. క్లాసులో కూడా రెండు బెంచీలు వెనక్కి జరిగాడు. విచిత్రం ఏమిటంటే, వాడు మానేసిన వారం నుంచి నా నంబరు తగ్గడం మొదలైంది. బాంబు మోసుకొని ముందుకు పోయేవాడు లేడు కాబట్టి, వాణ్ణి కాల్చడానికి బయటికి వచ్చేవాడూ లేడు. నేను మూలన కూర్చొని ఖాళీ సందును చూస్తూ ఉండేవాణ్ణి. కారణం అది కాదనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మౌసు మీద పడ్డాను. దాన్ని తిరగేసి, లోపలి గుండు తీసి, చక్రాలకు పట్టిన మట్టిని గోటితో గీకి గీకి శుభ్రం చేశాను. మౌసు అద్దంలా తయారైంది. నంబరు పెరగలేదు.

చిత్తూరుకు ఆదివారం పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం. సారు ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చారు. పాకాలలో రైలు ఆగితే మా పెట్టెలోకే పాకాల ఎక్కాడు. చేతిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం. అందరికీ తలా గుప్పెడు పెట్టాడు, నాకు కూడా.

"యాడికప్పా?" అని అడిగాను.

"నేనూ ఆడికే" అన్నాడు.

మా ఆట చూడటానికి వస్తున్నాడనుకున్నాను. తీసేసినా రోషం లేదు, మంచి మనసు అని లోపల మెచ్చుకున్నాను కూడా. చిత్తూరు సెంటర్‌లోకి అడుగు పెట్టాక, వాడు నేరుగా అవతలి వరుసకు పోయి ఐదో కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ ఎవరో ఆ కుర్చీని ముందే తుడిచి పెట్టి ఉన్నారు. నాలుగు ఆదివారాలుగా వస్తున్నాడట.

మావాళ్ళు గొడవ చేశారు. వాడు మా సెంటర్ మనిషి, వాళ్ళ వైపు ఎట్లా ఆడతాడని. సారు నా వైపు తిరిగారు.

"నువ్వు రాసిన కాగితంలో వాడి పేరు లేదు కదప్పా" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

ఆట హోరాహోరీగా సాగింది. నిజం చెప్పాలి, మా ఐదుగురి గురి చాలా బాగుంది. ఏడు రౌండ్లు వాళ్ళవి, ఏడు మావి. చివరి రౌండులో మేము దొంగలం. ఇక గత్యంతరం లేక మా కొత్త కుర్రాడు ఆ రోజుకు మొదటిసారి బాంబు మోసి, పెట్టి, పెట్టిన చోటే చచ్చిపోయాడు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. మా వైపు నేనొక్కణ్ణే. అవతల ఇద్దరు, చిత్తూరు కెప్టెనూ పాకాలా. బాంబు గంట కొట్టుకుంటూ ఉంది. నేను చేయవలసిందల్లా దాని పక్కన అరనిమిషం కూర్చోవడమే.

ట్యాబ్ నొక్కి చూశాను. ముప్ఫై. ఆ రోజు పదిమందిలోనూ నేనే పైన. అంతలో ఎదురుగా సందు చివర చిత్తూరు కెప్టెన్ కనిపించాడు. దాక్కోకుండా, నింపాదిగా, రోడ్డు దాటుతున్నట్టు అడ్డంగా పోతున్నాడు. అలా ఊరికే ఎవడూ కనిపించడు. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నాకు తెలిసేది. నేను ఆలోచించలేదు, వాడి వెనక పరిగెత్తాను. రెండు మలుపులు తిరిగి వాణ్ణి పడగొట్టాను. ముప్ఫై ఒకటి. నా జీవితంలో అంతవరకు రాని నంబరు.

తిరిగి వచ్చేసరికి పాకాల బాంబు దగ్గర నా వైపు వీపు పెట్టి కూర్చొని ఉన్నాడు. తుపాకీ ఎత్తాను. గురి కుదిరేలోపల బాంబు ఆరిపోయింది, ఆట అయిపోయింది.

అవతలి వరుసలో నలుగురూ లేచి వాడి భుజాలు పట్టుకొని ఊపేస్తున్నారు. వాడి లెక్క ఆ రోజు మొత్తానికి రెండు. ఆ రెండు సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు. చిత్తూరు కెప్టెన్ నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, "నేను సావడానికే వచ్చినా. నువ్వు వస్తావని వాడే చెప్పినాడు" అన్నాడు.

సంవత్సరం పాటు పాకాల నా ముందు ఎన్నిసార్లు చచ్చాడో నా దగ్గర లెక్క ఉంది, ఫిజిక్స్ రికార్డులో, తేదీలతో సహా. ఆ ఒక్క ఏడాదిలో ఒక్కసారైనా వాడి కోసం ఎవరైనా చచ్చిన లెక్క అందులో లేదు. అది ఆ రోజు చిత్తూరులో, వాడికి నెల కిందటిదాకా ముక్కూ ముఖం తెలియని కుర్రాడు చేశాడు.

తిరుగు రైల్లో మావాళ్ళు నలుగురూ కిటికీల దగ్గర కూర్చొని ఎవరివల్ల ఓడిపోయామో తేల్చుకుంటున్నారు. ఎవరి నంబర్లు వాళ్ళు చెప్పుకుంటున్నారు. సారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పాకాల నాకు ఎదురుగా కూర్చున్నాడు. పొద్దున తెచ్చిన పొట్లంలో మిగిలిన కాయలు ఒలిచి నా చేతిలో పెట్టాడు. నేను తిన్నాను. తప్పు నాది అనాలి. రేపటి నుంచి సెంటర్‌కు రా అనాలి. వస్తాడో రాడో వాడి ఇష్టం, అడగవలసింది నేను. చిత్తూరు నుంచి పాకాల దాకా ఆ రెండు మాటలనూ నోట్లో నానబెడుతూ కూర్చున్నాను. పొలాలు పోయాయి, మామిడి తోటలు పోయాయి.

పాకాలలో రైలు ఆగింది. వాడు దిగాడు. దిగి వెళ్ళిపోకుండా, ప్లాట్‌ఫారం మీద నా కిటికీ దగ్గరికి వచ్చి ఊచలు పట్టుకొని నిలబడ్డాడు. నేను ఏదో చెప్పాలనుకుంటున్నానని వాడికి తెలిసింది. చెప్పలేకపోతున్నానని కూడా తెలిసింది. నాకు ఇష్టమైన సంగతి తనే ఎత్తితే నోరు విప్పుతాననుకున్నాడేమో, మెల్లగా అడిగాడు.

"నీకు ఎన్ని వచ్చినాయప్పా?"

"ముప్ఫై ఒగటి" అన్నాను.

"బాగుండాదప్పా" అన్నాడు. ఊచలు వదిలి, ఒకసారి చెయ్యి ఊపి, మెట్ల వంతెన వైపు నడిచాడు.

ఎదురు రైలుకు దారి ఇవ్వాలని మా రైలు ఆ తర్వాత ఇరవై నిమిషాలు అక్కడే ఆగింది. వాడు వంతెన మెట్లెక్కడం, అవతల దిగడం, రోడ్డు మీద కాసేపు కనపడటం అన్నీ కిటికీలోంచి చూశాను. దిగి పరిగెత్తితే అందుకోగలిగేవాణ్ణి. నేను దిగలేదు.